అరచేతిలో మూడు చుక్కలు

ఉప్పు ఎంత వెయ్యాలని మొన్న ఫోన్లో అడిగావు కదా పాపా. రెండు గ్లాసుల గోధుమపిండి, ఒక గ్లాసు రాగిపిండి కలిపితే దానికి ఒక చిన్న చెంచా. గుట్టలా కాదు, పైన వేలితో సమంగా గీసి. సొరకాయ తురుముని గట్టిగా పిండేసి, పిండిలో కలుపు, వచ్చిన నీళ్లు పారబొయ్యకు, తడపడానికి అవే సగం సరిపోతాయి. మునగాకు దొరక్కపోతే మెంతికూర వేసుకో. పైన నువ్వులు చల్లు. నువ్వు కొత్తగా కొన్న ఆ చిన్న ఓవెన్లో ముప్పావు గంట పట్టొచ్చు. తీశాక రొట్టెని బోర్లించి అడుగున వేళ్లతో తట్టు. డొల్లగా మోగితే అయినట్టు.

నువ్వు అడిగినదానికి జవాబు ఇంతే. ఆ రోజు ఇంత కూడా చెప్పలేకపోయాను. "అవ్వా, లైన్లో ఉన్నావా?" అని రెండుసార్లు అడిగావు. ఉన్నాను తల్లీ. ఉప్పు అనే మాట వినపడగానే ఫోను చెవి దగ్గరే పెట్టుకుని పెరటి గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అంతకు ఎనిమిది రోజుల ముందే మా పక్కింటి అక్క పోయింది. ఆ రొట్టె ఆమెది. ఆ చెంచా కొలత కూడా ఆమెదే. కానీ ఆమె చేతికి ఆ చెంచా వచ్చింది నా వల్ల. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి కూడా. నీకూ తమ్ముడికీ తెలుగు చదవడం రాదు కాబట్టి పూణేలో దీన్ని మీ అమ్మే చదివి వినిపిస్తుంది. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే తొందరపెట్టకండి. కాసిని మంచినీళ్లు ఇవ్వండి.

నేను పెళ్లయి సూళ్లూరుపేట నుంచి మూలకుళం వచ్చినప్పుడు నాకు తమిళం ఒక్క ముక్క రాదు. మీ తాత కరెంటు ఆఫీసుకు వెళ్లిపోతే పగలంతా గోడల్ని చూస్తూ కూర్చునేదాన్ని. మూడో రోజు పెరటి గోడ అవతలి నుంచి ఒక గొంతు తెలుగులో తిట్టడం వినిపించింది.

"ఏంది నువ్వు, ఇంత ముదిరిపోయినావు? యాడ నిద్రపోతా ఉండాడు మా అన్న?"

తొంగి చూస్తే ఒకామె సొరకాయని ఒళ్లో పెట్టుకుని దాన్నే తిడుతోంది. ఎడమ భుజం మీద మగవాళ్లలా తువ్వాలు, ముక్కుకి ఎర్రరాయి, గోళ్ల సందుల్లో ఎండిన పిండి. ఆమె పుట్టిల్లు ఏంబలం. అక్కడి నుంచి వాళ్లన్న వారానికోసారి బస్సులో కూరగాయల మూట, రాగుల సంచి పంపేవాడు. వాళ్లు నాలుగు తరాల నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగే, కానీ సగం మాటలు తమిళం. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. నన్ను చూసి సిగ్గుపడలేదు. సొరకాయని నా చెవి దగ్గర పెట్టి గోటితో కొట్టింది.

"విను మే. లేతదైతే బిడ్డ బుగ్గ మాదిరి ఉంటాది సద్దు. ఇది చూడు, తలుపు కొట్టినట్టుంది."

అన్నీ చెవితోనే చూసేది. పోపులో ఆవాలు ఎన్ని చిటపటలకి ఆగుతాయో తెలుసు. కుండ దగ్గరికి తల వంచి "పప్పు ఇంకా గొణుగుతా ఉండాది, కాలేదు" అనేది. రొట్టె బోర్లించి అడుగున కొట్టి "ఉండావా లోపల?" అని అడిగేది. అది పలికితేనే గంపలోకి.

మా వీధి చివర రొట్టెల అంగడి ఉంది, మీ అమ్మకి బాగా తెలుసు. తెల్లారేసరికి వాళ్ల బన్నులూ రొట్టెలూ బయటికి వచ్చేసేవి. ఆ తర్వాత రెండు మూడు గంటలు కట్టెల బట్టీ ఊరికే చల్లారుతూ ఉండేది. ఆ వేడిని అలా పోనివ్వడం అక్కకి నచ్చేది కాదు. రేకు పళ్లేల్లో తన రాగి రొట్టెలు, సజ్జ బిస్కెట్లు పేర్చి, తడిగుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకుని పోయేది. బట్టీ నేల మీద చిటికెడు పిండి చల్లి, అది ఎర్రబడేదాకా "ఒణ్ణు, రెండు, మూణు" అని తమిళంలో లెక్కపెట్టేది. ఇరవై వస్తే రొట్టె, నలభై వస్తే బిస్కెట్టు. ఆమెను చూసి వీధిలో మిగతా ఆడవాళ్లు కూడా పళ్లేలు మోసుకురావడం మొదలుపెట్టారు. అంగడాయన విసుక్కుంటే "చుమ్మా, ఊరికే ఉండన్నా, నీ నిప్పు నీకే ఉంటాది, మేం వేడి మాత్రం ఎత్తుకుపోతాం" అనేది.

ఆమె వంట అంటే గొప్ప వంటేమీ కాదు. పప్పు వేసి చేసే సొరకాయ కూటు, ఆకుకూర పప్పు, మునక్కాయ సాంబారు, రాగి సంకటి, ఈ రొట్టె. నూనె పొదుపుగా వాడేది, మసాలా అసలు తెలీదు. కానీ ఆ కూటు తిన్నాక ఇంకేదీ తినబుద్ధయ్యేది కాదు.

ఒక్క సంగతి మాత్రం నాకు వింతగా ఉండేది. ఆమె ఎప్పుడూ రుచి చూసేది కాదు. కూర దింపే ముందు గోడ దగ్గరికి వచ్చి పిలిచేది.

"మే, చెయ్యి పట్టు."

నేను ఎడమ అరచెయ్యి చాపితే, గరిటెతో తీసి ఉఫ్ ఉఫ్ మని ఊది మూడు చుక్కలు వేసేది. ఎప్పుడూ మూడే. "పోదుమా?" అనేది. చాలా అని అడగడం అది, తమిళంలో. నేను నాలుకతో అద్దుకుంటుంటే నా నోటివైపు చూసేది కాదు. నా కనుబొమ్మల్నే చూసేది.

"అక్కడేం చూస్తావక్కా?" అని ఒకసారి అడిగాను.

"నోటితో మర్యాదకి ఏమైనా చెప్తారు మే. కనుబొమ్మకి మర్యాద తెలీదు" అంది.

వీధిలో అందరూ ఆమెకు ఎంత ఆచారమో అనుకునేవాళ్లు. మొగుడికీ దేవుడికీ పెట్టకుండా చుక్క కూడా నాలిక మీద వేసుకోదని చెప్పుకునేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను, ఆ కాఫీ రోజు దాకా.

మీ అమ్మ అప్పటికి కడుపులో ఉంది. నాకు ఒళ్లు తూలుతూ ఉండేది. మా ఇంట్లో ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా ఒకే రకం. అక్క వచ్చిందని రెండు గ్లాసులు కాఫీ కలిపాను. ఆమె మెల్లగా మొత్తం తాగేసి, గ్లాసు బోర్లించి, "బాగుండాది మే, నీ చేతి కాఫీ" అంది. అప్పుడు నాది నోట్లో పోసుకున్నాను. పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేశాను. చక్కెర బదులు ఉప్పు వేశాను, రెండు రెండు చెంచాలు.

తిరిగి వచ్చేసరికి ఆమె వీధి తలుపు మూసేసి ఉంది.

"ఏం మే, ఏం కలిపినావు?"

"ఉప్పక్కా."

బోర్లించిన గ్లాసుని తిప్పి నిలబెట్టింది. తర్వాత, ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది. కొడుకు పుట్టిన మూడో నెలలో పెద్ద జొరం వచ్చిందట. ఇరవై రోజులు. జొరం పోయింది, దాంతోపాటు నాలుక కూడా పోయింది. ఉప్పు, పులుపు, తీపి, కారం, ఏదీ లేదు. "మన్ను నమిలినట్టు ఉంటాది మే. నాలుగేండ్లాయె. మెత్తంది, గట్టిది, వేడిది, చల్లంది, అంతే నాకు తెలిసేది."

"మీ ఆయనకి తెలీదా?"

"ఐయో! తెలిస్తే ప్రతి ముద్దా అనుమానంగా తింటాడు. మా అత్త పొయ్యి కాడికి రానియ్యదు. ఆ యింట్లో నాకి ఉండేది పొయ్యి ఒక్కటే మే." నా చెయ్యి పట్టుకుంది. "యెవరికీ చెప్పొద్దు. నా నాలిక నీ నోట్లో ఉండాదనుకో."

చెప్పనన్నాను. ఆమె ఉన్నన్నాళ్లూ చెప్పలేదు కూడా. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను.

ఆ తర్వాత మూడు చుక్కల పద్ధతి మారింది. "పోదుమా?" అయ్యాక గోడకి ఆనుకుని నిలబడి కళ్లు మూసుకునేది. "ఇప్పుడు ఎట్ల ఉండాదో చెప్పు" అనేది. నేను చెప్పేదాన్ని. సాంబారైతే, ముందు పులుపు తగులుతుందక్కా, నాలుక చివర. అది వెళ్లిపోతూ ఉంటే వెనక నుంచి మునక్కాయ తీపి మెల్లగా వస్తుంది. మింగాక గొంతులో మిరపకాయ ఒక్క క్షణం నిలబడుతుంది. అలా చెబుతుంటే ఆమె గొంతు కదిలేది. నిజంగా మింగేది. కొత్త మామిడికాయ వస్తే, ఏంబలం నుంచి తాటిబెల్లం వస్తే, తను వండింది కాకపోయినా నా దగ్గరికి తెచ్చేది. "తిని చెప్పు మే, చాన్నాళ్లాయె" అనేది. ఒకసారి సజ్జ బిస్కెట్టు గురించి చెబుతూ, ఎండిపోయి వానకి తడిసిన మట్టి వాసన లాంటి రుచి అన్నాను. కళ్లు తెరిచి పకపకా నవ్వింది. "మళ్లీ మన్నేనా! నాకు తెలిసిందే చెప్తావేం మే."

ఇరవై మూడేళ్లు అలా తిన్నది ఆమె. నా మాటల్లో.

ఇక్కడి నుంచి మీ అమ్మ మెల్లగా చదవాలి.

అక్కని మీ అమ్మ పెద్దమ్మ అని పిలిచేది. చిన్నప్పటి నుంచి ఆ పెద్దమ్మ వంట అంటే ప్రాణం. నేను అన్నం కలిపి పెడితే గోడవైపు చూసేది. బడికి వెళ్లేటప్పుడు డబ్బాలో నా కూర సగం మిగిలేది, అక్క ఇచ్చిన రొట్టె ముక్క పొడి కూడా మిగిలేది కాదు. "పెద్దమ్మ కూటులా ఎందుకు రాదమ్మా నీకు?" అని అడిగేది. పసిపిల్ల మాట. నవ్వేసేదాన్ని. కానీ లోపల ఎక్కడో ఒక మూల మెదిలేది. ఆ కూటులో ఉప్పు నాది కదా. పులుపు నేను చాలన్నాకే కదా పొయ్యి దిగింది. నా బిడ్డ మెచ్చుకునేది నా నాలుకనే, పేరు మాత్రం ఆమెకి. ఈ మాట ఎవరితో అనగలను? అంటే మాట తప్పినట్టు.

చదువైపోయి మీ అమ్మకి పూణేలో ఉద్యోగం వచ్చింది. వెళ్లే రోజు మధ్యాహ్నం వీధిలోవాళ్లకీ స్నేహితులకీ మా ఇంట్లో భోజనం అనుకున్నాం. పదిహేను ఇరవై మంది. ముందు రోజు నేను ఏం వండాలో రాసుకుంటుంటే, మీ అమ్మ వెనక నుంచి నా భుజాల మీద చేతులు వేసి చెప్పింది. "అమ్మా, రేపు నువ్వు వంట పెట్టుకోకు. పెద్దమ్మని చెయ్యమన్నాను. మళ్లీ ఎప్పుడు తింటానో!"

ప్రేమగానే అంది. నువ్వు అలసిపోతావమ్మా అని కూడా అంది. నేను సరేనన్నాను. రాసుకున్న కాగితం మడిచి డబ్బా కింద పెట్టాను.

ఆ రోజు పొద్దున అక్క మా పెరట్లోనే పెద్ద కుండలు పెట్టింది. ఎంత సంతోషంగా ఉందో! "మా బిడ్డ ఊరికి పోతా ఉండాది" అని సొరకాయలతో కూడా చెప్పుకుంటోంది. కూటులో ఉప్పు వేసి, "మే, చెయ్యి పట్టు" అని పిలిచింది. నేను లోపలి గదిలో చీరలు మడతపెడుతున్నాను. వినపడింది. రాలేదు. మళ్లీ పిలిచింది. "వస్తున్నా అక్కా" అన్నాను, అయినా కదల్లేదు. ఇంతలో అంగడి నుంచి కబురు వచ్చింది, బట్టీ చల్లారిపోతోంది, పళ్లేలు తెమ్మని. ఆమె రొట్టెలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది. గంట తర్వాత వచ్చేసరికి ఆ కూటులో ఉప్పు వేసిందో లేదో ఆమెకి గుర్తు లేదు. ఎవరైనా అయితే నాలుక మీద వేసుకుని చూసేవాళ్లు. ఆమె నన్ను పిలిచి ఉప్పు పడిందా లేదా అని అడగాలి. అంత తొందరలో అది తోచలేదేమో, మళ్లీ వేసేసింది. వేసి పిలిచింది.

ఈసారి వచ్చాను. చెయ్యి చాపాను. మూడు చుక్కలు.

"పోదుమా మే?"

నోట్లో నిప్పు పెట్టినట్టుంది ఉప్పు. రెండు గుప్పిళ్ల కందిపప్పు ఉడికించి కలిపితే, నాలుగు చెంబుల నీళ్లు పోసి మళ్లీ మరిగిస్తే సరిపోయేది. అరగంట పని. అతిథులు ఇంకా రాలేదు. ఒక్క మాట చెబితే చాలు.

"సరిగ్గా ఉందక్కా" అన్నాను.

నేను ఎందుకలా అన్నానో ఇప్పటికీ పూర్తిగా తెలీదు. ముందుగా అనుకున్నది కాదు. ఆ క్షణంలో నా కళ్లకి కనిపించింది ఆ మడత పెట్టిన కాగితం.

కుండ నుంచి ఆవిరి లేస్తోంది. ఆమె తువ్వాలు కొసతో కళ్లు తుడుచుకుంటూ నావైపు చూసింది. ఒక్క రవ్వంతసేపు. తర్వాత వంగి కుండ దింపింది. ఆ పొద్దు కళ్లు మూసుకోలేదు, ఎట్ల ఉండాదో చెప్పమని అడగలేదు. టైము లేక అనుకున్నాను.

అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు కూటుని ఆకు అంచుకి తోశారు.  నీళ్ల గ్లాసులు తొందరగా ఖాళీ అవుతున్నాయి. పైకి అనింది ఆమె మొగుడే.

"ఏమే, బీచికి పోయి ఒక బిందె ముంచుకొస్తివా? ఇది కూటా, సముద్రమా?"

అందరూ నవ్వారు. చెడ్డగా కాదు, ఆపుకున్న నవ్వు ఒక్కసారి బయటపడింది, అంతే. ఆమె గరిటె పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత కుండలోంచి కొంచెం తీసుకుని, అందరి ముందూ నోట్లో వేసుకుంది. ఏమీ తెలీని ఆ నాలుక మీద. కాసేపు ఉంచుకుని మింగింది.

"అవును, ఎక్కువాయె. వయసు గదా, చెయ్యి జారింది" అంది.

నేను నీళ్ల బిందె వైపు చూస్తూ ఉన్నాను. ఆమె నావైపు తిరిగిందని చూడకుండానే తెలిసింది.

అప్పుడు మీ అమ్మ ఆకు చాపింది. "పెద్దమ్మా, నాకు ఇంకొంచెం కూటు." అప్పటికి తన ఆకులో కూటు మొత్తం అయిపోయింది. రెండోసారి వేయించుకుంది. అది కూడా తినేసింది. చదువుతున్న నిన్నే అంటున్నానమ్మా, ఆ రోజు అంత ఉప్పు నీకెలా దిగిందో నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే నాకేం తెలుసో బయటపడుతుందని భయం. సాయంత్రం బస్సు ఎక్కేటప్పుడు సీసాలో నీళ్లన్నీ తాగేసి మళ్లీ నింపుకున్నావు. అది మాత్రం చూశాను.

మూడో రోజు పొద్దున్నే అక్క గోడ దగ్గరికి వచ్చింది. చేతిలో వేడి వేడి రొట్టె. ఎప్పటిలాగే మాట్లాడింది. మీ అమ్మ చేరిందా, గది బాగుందా, అక్కడ ఏం తింటోంది, అన్నీ అడిగింది. చివర్లో, వెళ్లబోతూ, వెనక్కి తిరిగి అడిగింది.

"ఆ పొద్దు నీకి జలుబు చేసి ఉండిందా మే?"

ఆమె అలా అడుగుతుందని నేను అనుకోలేదు. మూడు రోజులుగా ఏమేం అడుగుతుందో, ఏం చెప్పాలో అన్నీ ఊహించుకున్నాను. కాళ్లు పట్టుకోవాలని కూడా అనుకున్నాను. ఇది మాత్రం లేదు అందులో.

"అవునక్కా. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది" అన్నాను.

"సరి సరి. అదే అనుకున్నా" అంది. సాయంత్రానికి చెంబు నిండా మిరియాల కషాయం తెచ్చింది, అల్లం, తాటిబెల్లం వేసి. నా ఎదురుగా నిలబడి తాగించింది. లేని జలుబుకి ఆ కషాయం మొత్తం తాగాను. గొంతు మండిపోయింది. ఎట్ల ఉండాదో చెప్పమని అడుగుతుందని చూశాను. అడగలేదు. చెంబు కడిగి తీసుకుని వెళ్లిపోయింది.

ఆ వారమే ఆమె ఒక చిన్న స్టీలు చెంచా కొనుక్కుంది. పిడికి కన్నం ఉన్నది. దానికి ఎర్రదారం కట్టి ఉప్పు జాడీ మెడకి వేలాడదీసింది. ఇంత పప్పుకి ఇన్ని చెంచాలు, ఇంత పిండికి ఇన్ని, అన్నీ పెట్టుకుంది. అప్పటి నుంచి ఆమె వంటలో ఉప్పు ఒక్కసారి కూడా తప్పలేదు. కానీ సొరకాయ నీళ్లదైనా, చేదు తగిలినా, చింతపండు పాతదైనా చెంచాకి తెలీదు కదా. ఏదో పోయింది. తర్వాత సెలవులకి వచ్చినప్పుడు మీ అమ్మే అంది, "పెద్దమ్మ వంట బాగానే ఉందమ్మా, కానీ..." అని. నేను వినపడనట్టు లోపలికి వెళ్లిపోయాను.

మాతో మాటలు మానలేదు. రొట్టె పంపడం మానలేదు. నీ పేరు పెట్టే రోజున నిన్ను ఒళ్లో వేసుకుని నీ మడమ మీద వేళ్లతో తట్టి "ఉండావా లోపల?" అని అడిగింది కూడా. మీ తాత పోయినప్పుడు పదకొండు రోజులు మా ఇంటికి వండి పెట్టింది. అంతా ఎప్పటిలాగే ఉంది. "మే, చెయ్యి పట్టు" అన్నది మాత్రం మళ్లీ లేదు. నేను కావాలని ఆమె వండే వేళకి గోడ దగ్గర నిలబడేదాన్ని, ఎడమ చెయ్యి గోడ మీద పెట్టి. ఆమె పొయ్యి దగ్గర నుంచి చూసి నవ్వేది. జాడీ దగ్గర చెంచా గలగలమనేది.

ఉప్పు సంగతి పోనీ. దానికి చెంచా దొరికింది. కానీ మామిడికాయ రుచి ఆమెకి ఆ తర్వాత ఎవరు చెప్పారు? ఏంబలం తాటిబెల్లం గురించి ఎవరు చెప్పారు? ఎవరూ లేరు. నాకొక్కదానికే తెలుసు కదా. దాదాపు ఇరవై ఏళ్లు ఆమె మన్ను నమిలింది, మా గోడకి అవతల, మూడడుగుల దూరంలో.

ఈ ఏడు ఎండాకాలంలో పడకేసింది. ఆమె మొగుడు అంతకు ముందే పోయాడు. కొడుకూ కోడలూ బాగా చూసుకున్నారు. నేను రోజూ మధ్యాహ్నం రాగి జావ పట్టుకెళ్లేదాన్ని, అందులో క్యారెట్, బీన్స్ మెత్తగా ఉడికించి మెదిపి. ఒకరోజు మొదటి చెంచా నోట్లో పెట్టి, పనుల ధ్యాసలో, "ఉప్పు పోదుమా అక్కా?" అనేశాను.

అన్నాక గానీ ఏం అడిగానో నాకే తెలియలేదు. తర్వాత ఆమె నవ్వింది. ఒంట్లో నవ్వడానికి ఓపిక లేదు, అయినా నవ్వింది.

"నన్నా అడుగుతా ఉండావు? బాగుండాది పో!"

నా దగ్గర చెంచా తీసుకుంది. "చెయ్యి పట్టు మే."

చాపాను. సగం జావ దుప్పటి మీద ఒలికింది. మూడు చుక్కలు నా అరచేతిలో పడ్డాయి. నాలుకతో అద్దుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూస్తోంది కానీ కళ్లలో పొర, ఏం కనిపిస్తోందో తెలీదు.

"తక్కువైందక్కా. ఉప్పు తక్కువైంది."

"అట్లనా." కళ్లు మూసుకుంది. "ఇంకా?"

ఇంకా అంటే ఏమిటో నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. చెప్పాను. మాట తడబడుతూ చెప్పాను. ముందు రాగి తగులుతుందక్కా, కొంచెం వగరుగా, మన బట్టీ నేల మీద ఎర్రబడిన పిండి వాసనలాగా. తర్వాత క్యారెట్ తీపి. అది నాలుక పక్కల్లోకి వెళుతుంది. చివర్న జీలకర్ర. ఆమె గొంతు కదిలింది. మింగింది.

"మంచి జావే" అంది.

ఆ కూటు రోజు సంగతి అప్పుడే అడగాలి. అడుగుదామనే నోరు తెరిచాను. కోడలు మాత్రలు పట్టుకుని వచ్చింది. సరే, రేపు మధ్యాహ్నం ఎలాగూ వస్తాను కదా, ఉప్పు సరిగ్గా వేసి తెస్తాను, అప్పుడు అడుగుతాను అనుకున్నాను. ఆ సాయంత్రమే ఆయాసం ఎక్కువై ఆస్పత్రికి తీసుకెళ్లారు. లోపలికి ఒక్కళ్లనే రానిచ్చేవాళ్లు. నాలుగో రోజు తీసుకొచ్చేశారు.

కర్మలన్నీ అయ్యాక వాళ్ల కోడలు వంటిల్లు సర్దుతూ నన్ను పిలిచింది. ఉప్పు జాడీ, మెడకి ఆ ఎర్రదారం, చెంచా. దారం రంగు పోయి తెల్లబడింది. "అత్తా, ఇది మా అత్తమ్మ ఎందుకు కట్టి పెట్టుకుంటిరో మీకు తెలుసా? ఎవ్వురినీ తాకనిచ్చేవాళ్లు కాదు."

తెలీదమ్మా అన్నాను. అది అబద్ధం కాదనుకుంటాను. ఆమెకి ఇచ్చిన మాట అది. మీకు మాత్రం ఇప్పుడు చెప్పేశాను. పొయ్యి దగ్గరికి ఆమెని రానివ్వనివాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. మీరు చేసుకునే రొట్టె ఆమెదైనప్పుడు దాని సంగతి మీకు తెలియాలి. మీ అమ్మకి తెలియాలి.

పాపా, చెంచాతో కొలుచుకో, తప్పు లేదు. కానీ పిండి కలిపాక చిటికెడు తమ్ముడి అరచేతిలో పెట్టి రుచి చూడమను. వాడు ఏమన్నా సరే, నువ్వు వాడి కనుబొమ్మలు చూడు.

నాకు ఇప్పుడు మధ్యాహ్నాలు ఏం చెయ్యాలో తోచదు. గోడ దగ్గరికి వెళ్లి నిలబడతాను. అవతల పొయ్యి కాడ వాళ్ల కోడలు వండుకుంటూ ఉంటుంది. ఆ అమ్మాయి కూర దింపే ముందు తనే నాలుక మీద వేసుకుని చూసుకుంటుంది. ఆ రోజు ఆవిరిలో తువ్వాలుతో కళ్లు తుడుచుకుని నావైపు చూసిన ఆ రవ్వంతసేపే నా కళ్ల ముందు ఆడుతుంది. చూడకపోతే సరే. చూసి ఉంటే, అంతా తెలిసే ఆ కుండ ఎత్తిందా? తెలిసే, మూడో రోజు నాకోసం ఆ జలుబు తెచ్చిందా?

ఆ పొద్దు నా కనుబొమ్మలు చూస్తివా, అక్కా?